గుండ్రని గుడారములో ఒక రాత్రి
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు మాకు పదిహేను నిముషములు ఇచ్చినారు. మేము రైల్వేలో పనిచేసేవారము గనుక మా బండి వేళకు చేరుతుందన్న ఆశ మీలో ఎవరికీ లేదని తెలుసును. అయినా ప్రయత్నిస్తాము. పరాభవ నామ సంవత్సరమని పేరు విని పిల్లలు భయపడుతున్నారు. పేరులో ఏమున్నది! విశ్వావసులో మాకు జరిగిన పరాభవమొకటి ఇప్పుడు చెప్పబోతున్నాము. అది వింటే ఈ ఏటికి రావలసినది ముందే తీరిపోయినదని మీకే తోస్తుంది.

గడచిన కార్తికములో, అనగా 2025 నవంబరులో, మేము అయిదు కుటుంబాలవారము వనభోజనాలకని బన్నేరుఘట్ట పోయినాము. ఏటేటా మన సంఘమువారు బేతమంగళం చెరువు గట్టునో, కోటిలింగాల వద్దనో వనభోజనాలు పెట్టుకొంటారు. ఈ ఏడు మాతో పనిచేసే మిత్రుడొకరు, "ఎప్పుడూ పులిహోర తిని సాయంకాలానికి ఇల్లు చేరటమేనా? ఒక రాత్రి అడవి పక్కన పడుకొందాము" అన్నారు. వారి మేనల్లుడు ఎక్కడో మాట్లాడి, జాతీయోద్యానవనపు సరిహద్దుకు దగ్గరగా ఒక తోటలో మూడు గుడారములు కుదిర్చినాడు. వాటి పేరు యుర్టులట. మేము ఆ మాట మొదటిసారి విని, తినే వస్తువేమో అనుకొన్నాము.

మాతో మా మామగారు కూడ వచ్చినారు. ఆయనది కామసముద్రం దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల మెట్ట, రాగి చేను. బంగారుపేట నుండి జోలారుపేట పోయే పాసింజరు ఆ స్టేషనులో ఆగుతుంది. అల్లుడు రైల్వేలో ఉన్నాడని ఆయన ఇంతవరకు ఒక్కసారైనా టిక్కెట్టు లేకుండా ఎక్కలేదు. ఆ మాట మేము గర్వముగా చెప్పుకొంటాము. అత్తగారు పోయిన తరువాత ఆయన ఎక్కడికీ కదలటము లేదు. మా ఇంట్లో వారు పట్టుబట్టగా, రెండు రోజులు చేను కాపలాకు తమ్ముని కొడుకును ఒప్పించి బయలుదేరినారు. రాగి కంకి పట్టి కోతకు వచ్చే సమయమది. ఆ సమయములో రైతును చేను నుండి కదిలించటము ఎంత తప్పో ఆ రాత్రి గాని మాకు తెలియలేదు.

ముందు ఆ గుడారము సంగతి చెప్పాలి. మేము చదివినది పదవ తరగతి వరకే. అయినా తిరిగి వచ్చిన తరువాత గ్రంథాలయములోను, పిల్లల సెల్‌ఫోనులోను వెదకి కొంత తెలుసుకొన్నాము. యుర్టు అనేది మధ్య ఆసియా పశువుల కాపరుల ఇల్లు. మంగోలియావారు దానిని గెర్ అంటారు. గోడ సన్నని కర్రల జాలి. బ్యాంకులకు, పాత లిఫ్టులకు ముడుచుకొనే ఇనుప జాలి తలుపు ఉంటుంది చూడండి, అదే పద్ధతి. లాగితే గోడ, ముడిస్తే మోపు. పైన బండిచక్రము వంటి చట్రము. ఆ చక్రము నుండి గోడ దాకా గొడుగు కమ్ముల వలె వాసాలు. వీటన్నిటి మీద ఫెల్టు కప్పుతారు. ఫెల్టు అంటే నేయని కంబళి. ఉన్నిని పరచి, తడిపి, చుట్టచుట్టి, దొర్లించి దొర్లించి అట్ట కట్టేదాకా నొక్కుతారు. మన కోలారు జిల్లాలో కురుబవారు ఉన్నిని వడికి కంబళి నేస్తారు; అక్కడివారికి మగ్గముతో పని లేదు. ఇల్లంతా విప్పి ఒంటెల మీద, ఎడ్లబండ్ల మీద వేసుకొని, మేత ఉన్నచోటికి పోయి మళ్ళీ నిలబెడతారు. మంగోలియాలో వాకిలి దక్షిణానికే పెడతారట. మన వాస్తు పండితులు వింటే ఆ దేశము మీద జాలిపడతారు. కాని ఉత్తరపు చలిగాలి ఎటువంటిదో అక్కడివారికే తెలుసును.

పైనున్న ఆ చక్రమే కిర్గిజ్‌స్తాన్ జెండా మీద 1992 నుండి ఉన్నది. మంగోలియా గెర్ కట్టే విద్యను 2013లోను, కజక్, కిర్గిజ్ యుర్టులను 2014లోను యునెస్కో వారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినారు. గుడిసెకు ఇంత గౌరవము దక్కటము మాకు సంతోషము కలిగించినది. మా తాతగారు పలమనేరు వైపు నుండి గనిలో పనికి వచ్చి మొదట తల దాచుకొన్నది వెదురు తట్టి గుడిసెలోనే. ఆ గుడిసెలను ఎవరూ ఏ పట్టికలోనూ చేర్చలేదు.

ఇంకొక సంగతి మాకు మరీ వింతగా తోచినది. యుర్ట్ అనే మాట తుర్కీ భాషలది. టర్కీలో నేటికీ ఆ మాటకు గుడారమని అర్థము కాదు. స్వస్థలము, జన్మభూమి అని అర్థము. ఆ మాటను రష్యావారు గుడారానికి పెట్టి వాడగా ప్రపంచమంతా అదే పాకినది. విప్పి మోసుకుపోయే ఇంటికి జన్మభూమి అన్న పేరు నిలిచిపోయినది. గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడిన నాటి నుండి, ఎప్పుడు ఏ లైనులో ఇల్లు ఖాళీ చేయమంటారో అని ఎదురుచూచిన మన కె.జి.ఎఫ్. వారికి ఈ మాట పట్టినంతగా వేరెవరికి పడుతుంది? మంగోలియాలో కూడ ఇటువంటి కథే నడుస్తున్నది. గడ్డకట్టే చలికాలాలలో మందలు చచ్చిపోగా, కాపరులు రాజధాని ఉలాన్‌బాతరుకు వలస వచ్చి ఊరి చుట్టూ కొండల మీద తమ గెర్లనే వేసుకొని ఉన్నారు. ఆ నగర జనములో పెద్ద భాగము ఆ గుడారాల పేటలలోనే కాపురము. అదే నగరానికి కొంత దూరములో గోర్ఖీ తెరెల్జ్ జాతీయోద్యానవనము వద్ద, యాత్రికుల కొరకు అవే గెర్లు అద్దెకు వేస్తారు. ఒకే గుడారము. ఒకచోట దిక్కులేనివాని ఇల్లు, ఒకచోట డబ్బున్నవాని వినోదము.

మన బన్నేరుఘట్టలో మేము చూచినది రెండవ రకము. మనకు ఫెల్టు దేనికి? అది కాన్వాసు. వాసాలు ఇనుప గొట్టాలు. లోపల మంచాలు, దీపము, ఫ్యాను, ప్రక్కనే స్నానాల గది. మా బృందములో పలాస వైపు నుండి వచ్చిన ఉద్యోగి ఒకరున్నారు. ఆయన చుట్టూ తిరిగి చూచి, "ఇందులో కొత్తేమున్నదండీ, ఇది మా చుట్టిల్లే కదా!" అన్నారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెలలో గుండ్రని మట్టిగోడ మీద తాటాకు కప్పు దాదాపు నేల దాకా దించి కడతారట. తుపాను గాలి దానిని పట్టుకొనటానికి మూల దొరకక పక్కలకు జారిపోతుందట. మైదానములో మంగోలు కాపరికి, సముద్రపు ఒడ్డున మన జాలరికి గాలి ఒకే పాఠము చెప్పినది.

మామగారు మాత్రము వాకిట నిలబడి అడిగినారు:

"ఏం నాయనా, ఈ గుడిసెకు ఒక రేయికి ఎంత?"

"ఆరు వేలు మామయ్యా. మనకని తగ్గించి ఇచ్చినారు."

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూచుకొన్నారు. 2025-26కు కేంద్ర ప్రభుత్వమువారు రాగులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. "కింటా రాగులకు పైమాటే గదప్పా" అని మెల్లగా లోపలికి వచ్చి, మంచము వదలి నేల మీద దుప్పటి పరచుకొన్నారు.

పగటి సంగతులు త్వరగా చెప్పేస్తాము. చంపకధామస్వామి దర్శనము చేసుకొన్నాము. జీవోద్యానములో బండి ఎక్కి పులులను, సింహాలను, ఎలుగులను చూచినాము. పిల్లలు సీతాకోకచిలుకల తోట దాటి రామన్నారు. తోటలో ఉసిరి చెట్టు లేదు. దామోదరునికి చెప్పుకొని, సంతలో కొన్న ఉసిరి కొమ్మను మామిడి చెట్టుకు కట్టి దాని క్రింద భోజనము కానిచ్చినాము. శాస్త్రము తెలిసినవారు మన్నించాలి.

చీకటి పడిన తరువాత మేనేజరుగారు వచ్చి అందరినీ నెగడు చుట్టూ కూర్చుండబెట్టి నియమాలు చెప్పినారు. పెద్దగా మాట్లాడకూడదు, పాటలు పెట్టకూడదు, కంచె దాటకూడదు. "మీ అదృష్టము బాగుంటే ఈ రాత్రి ఏనుగుల ఘీంకారము వినబడుతుంది" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టబోయి నోరు మూసుకొన్నారు. మామగారు మా వైపు చూచినారు. ఆ చూపు మేము ఇంతవరకు మరువలేదు.

ఏనుగు వినబడటము అదృష్టమయ్యే ఊరు ఆయన ఎన్నడూ చూడలేదు. కామసముద్రం ప్రాంతములో కార్తికము వచ్చిందంటే చేనికొక మంచె లేస్తుంది. నాలుగు కొయ్యలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన బోద కప్పుతారు. క్రింద నెగడు. పైన ఒక మనిషి, ఒక టార్చి, ఒక రేకు డబ్బా, టపాకాయల పొట్లము. తెల్లవార్లూ కునుకు ఉండదు. పెద్ద ఏనుగు రోజుకు నూటయాభై కిలోల మేత దాకా తింటుంది. అది తినేది కొంత, తొక్కేది ఎంతో. నాలుగు నెలల కష్టము ఒక గంటలో పోతుంది. పోనీ కరెంటు తీగ లాగుదామని కొందరు అక్కడక్కడ దొంగతనముగా లాగుతారు. దానికి ఏనుగులూ పోతున్నాయి, చీకటిలో నీళ్ళు కట్టటానికి పోయిన మనుషులూ పోతున్నారు. మామగారు ఆ పనికి ఒప్పరు. చేనులో ఏనుగు అడుగు పడిన చోట మరునాడు కర్పూరము వెలిగించే మనిషి ఆయన. మా బావమరిది, "అది మన రాగులు తిన్నందుకా నాయనా కర్పూరము?" అని ఎగతాళి చేస్తే, "మనల్ని తిననందుకు రా" అన్నారట.

ఈ ఏనుగులు ఎక్కడివి? మా చిన్నతనములో పెద్దలు ఏనుగును గుడిలోనే చూచినట్లు చెప్పేవారు. 1980ల దశకములో హొసూరు, ధర్మపురి అడవుల నుండి కొన్ని మందలు తూర్పుకు నడచి చిత్తూరు జిల్లాలో ప్రవేశించినవి. ఆ తరువాత ఆంధ్ర ప్రభుత్వము 1990లో పలమనేరు, కుప్పం అడవులను కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించినది. బన్నేరుఘట్టను జాతీయోద్యానవనముగా 1974లోనే ప్రకటించి ఉన్నారు. ఇది దక్షిణాన కావేరి అడవులకు, తూర్పున తళి, హొసూరు అడవులకు తగిలి ఉన్నది. నడుమ మాలూరు, బంగారుపేట తాలూకాల మన రాగి చేలు. మనము బంగారుపేటలో బండి మారినట్లే ఏనుగులు మన జిల్లాలో దారి మారుతాయి. తేడా ఏమంటే వాటికి పట్టికా లేదు, ప్లాట్‌ఫారమూ లేదు.

బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్‌గారు ఈ విషయము మీద ఏండ్ల తరబడి పరిశోధించి 1989లో గ్రంథము ప్రకటించినారు. పంటల మీదికి ఎక్కువగా వచ్చేవి తల్లీపిల్లల మందలు కావనీ, ఎదిగిన మగ ఏనుగులనీ ఆయన చూపినారు. అడవి గడ్డి కన్న రాగి కంకిలో బలమెక్కువ. ఆ బలము కొరకు మగది ప్రాణాపాయానికైనా తెగిస్తుంది. ఇది మామగారికి చెబితే, "దానికి బుక్కు దేనికి? మాకొచ్చేది ఎప్పుడూ ఒంటి కొమ్ముది, అదొక్కటే" అన్నారు.

ఆ రాత్రికి వద్దాము. రెండు గంటల వేళ చినుకులు మొదలై, పైచక్రము మీద కప్పు సరిగా లాగనందున నీళ్ళు మా మంచము మీదనే పడినవి. లేచి మంచము జరుపుతున్నాము. అప్పుడు వినబడినది. ముందు వెదురు విరిగిన చప్పుడు. తరువాత ఘీంకారము. ఎంత దూరమో చెప్పలేము. కాన్వాసు గోడ వెనుకనే అన్నట్లున్నది. ప్రక్క గుడారములో ఎవరో ఆడపిల్ల ఆనందముతో చిన్నగా కేక వేసినది. మా పిల్లలు దుప్పటి కప్పుకొని ఒకరినొకరు గిల్లుకొంటున్నారు. నిజము చెప్పాలంటే మాకూ ఒళ్ళు పులకరించినది. ఆరు వేలకు ఫలితము దక్కిందని కూడ అనుకొన్నాము.

అంతలో మా చెవుల ప్రక్కనే పిడుగు పడినట్లు ఢంఢంఢం! మామగారు నిద్రలో లేచి, ఎదురుగా ఉన్న ఎవర్‌సిల్వరు పళ్ళెము, గరిటె అందుకొని బయటికి ఉరికినారు. "హో! హో! హోయ్!" అని అరుస్తూ వానలో నిలబడి పళ్ళెము వాయిస్తున్నారు. మూడు గుడారాలు లేచినవి. ఎక్కడెక్కడి టార్చీలో ఆయన ముఖము మీద పడినవి. పంచె ఎగగట్టి, తల మీద తువ్వాలుతో, వాన కారుతున్న ఆ మనిషిని చూచి ఎవరో నవ్వినారు కూడ. మేనేజరుగారు పరుగున వచ్చి, "ఏమండీ ఇది, అతిథులు దీని కొరకే కదా డబ్బు కట్టి వచ్చినది! తోలేస్తే ఎట్లా?" అన్నారు. మా పరాభవము అదే. తప్పు మాదని ఒప్పుకొని, ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి పిలిచినాము. ఆయన రాలేదు. చెయ్యి వణుకుతున్నది. "నాయనా, నిద్దరలో మన చేనే అనుకొంటిని" అన్నారు.

అక్కడ రాత్రి కాపలాకు ఒక కుర్రవాడున్నాడు. ఇరవై ఏండ్లుంటాయి. ఆనేకల్ వైపు పల్లెవాడు, ఇంట్లో తెలుగే. వాడు నెగడు మీద రెండు కట్టెలు వేసి, మామగారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "కొట్టవద్దు తాతా" అన్నాడు.

"ఏం, మీ సాహుకారు తిడతాడా?"

"అందుకు కాదు. ఇక్కడ తోలితే అది కంచె ఎమ్మటి పొయ్యి అవతలికి దిగుతుంది. అవతల మా అమ్మ చేను."

మామగారు పళ్ళెము నేల మీద పెట్టినారు. చాలసేపటికి, "మా ఊర్లో నేను తోలితే యాడికి పోతుందో" అన్నారు. ఆ ప్రశ్న ఎవరిని అడిగినారో తెలియదు. జవాబు మాకు తెలుసును. కామసముద్రములో తోలితే బిసానత్తం మీదుగా కుప్పం వైపు పోతుంది. అక్కడ తోలితే తమిళదేశములోకి పోతుంది, లేదా తిరిగి ఇటే వస్తుంది. మూడు రాష్ట్రాల రైతులు ముప్పై నలభై ఏండ్లుగా ఒకరి చేను నుండి ఒకరి చేనులోకి ఆ ఏనుగులను తోలుకొంటున్నారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము ఆంధ్ర ప్రభుత్వానికి నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించినది. శిక్షణ పొందిన ఆ ఏనుగులతో అడవి ఏనుగులను లోపలికి మరలించాలని ఉద్దేశము. మంచిదే. కాని మరలించే అడవి లోపల చోటుండాలి గదా. బన్నేరుఘట్ట చుట్టూ సున్నిత ప్రాంతము 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు. 2020 తుది ప్రకటనకు వచ్చేసరికి 168.84. ఆ తేడా వంద చదరపు కిలోమీటర్లు. అందులో ఏమేమి లేస్తున్నవో అటు బస్సులో పోయేవారందరూ చూస్తూనే ఉన్నారు.

తెల్లవారిన తరువాత ఆ కుర్రవాడు మామగారిని, మమ్ములను కంచె దాకా తీసుకొని పోయినాడు. చూచి మేము నిలబడిపోయినాము. కంచె మన రైలు పట్టాలు! అరిగిపోయిన పట్టాలను రైల్వే నుండి కొని, నిలువుగా పాతి, అడ్డముగా బిగించి ఏనుగులకు అడ్డుకట్టగా వేసినారు. కర్ణాటకలో నాగరహొళె మొదలైన చోట్ల ఈ పద్ధతి కొన్నేండ్లుగా నడుస్తున్నది. మట్టి కందకమును ఏనుగు కాలితో పూడ్చి దాటుతుంది, సౌర విద్యుత్తు తీగను కట్టెతో పడగొడుతుంది. పట్టాల ముందు ఆగుతుంది. అన్నిసార్లూ కాదు. 2018 డిసెంబరులో నాగరహొళెలో ఒక మగ ఏనుగు ఈ పట్టాల కంచె ఎక్కి దాటబోయి, దాని మీదనే చిక్కుకొని చనిపోయినది. ఆ ఛాయాచిత్రము పత్రికలలో చూచి ఆనాడు మేము మా ఆఫీసులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మామగారు పట్టా మీద చెయ్యి పెట్టి నిమిరినారు. "దీని మీద బండ్లు ఎన్ని పోయింటాయో" అన్నారు. 1894లో బంగారుపేట నుండి మారికుప్పం దాకా పట్టాలు వేసినది బంగారము కొరకు. ఆ దారినే మన తాతలు వచ్చినారు. గని మూతపడిన తరువాత ఆ దారినే మన పిల్లలు తెల్లవారుజామున బెంగుళూరు బండి ఎక్కి కూలికో, నౌకరీకో పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. వారి సీజను టిక్కెట్ల మీద ముద్ర వేసేది మేమే. మనుషులను ఊరి నుండి ఊరికి చేర్చటానికే పట్టాలు ఉన్నవని అనుకొనేవారము. వాటిని నిలబెట్టి దారి మూయవచ్చునని ఆనాడే చూచినాము.

కంచె అవతల వాళ్ళమ్మ చేను కనబడినది. రాత్రి ఏనుగు దిగలేదు. వానకు కంకులు వంగి ఉన్నవి. మామగారు ఇవతల నుండే ఒక కంకి వంచి చూచి, "మా రకమే, నాలుగు దినాలు ముందు కోసేయమని చెప్పు అమ్మకు. ఆరేదాకా చూడవద్దు" అన్నారు. కుర్రవాడు సరేనన్నాడు.

మరొక రాత్రికి డబ్బు కట్టి ఉన్నాము. ఉండమంటే మామగారు ఒప్పలేదు. మేము మాత్రము ఉండి ఏమి చేస్తాము? పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టినారు. మేనేజరుగారు రెండవ రాత్రి డబ్బు తిరిగి ఇవ్వలేదు. నియమము ముందే చెప్పినారు గనుక అడగటానికి మాకు నోరు లేదు. మధ్యాహ్నానికి బెంగుళూరు చేరి బండి ఎక్కినాము. బంగారుపేటలో మేమంతా మారికుప్పం బండి వైపు, ఆయన జోలారుపేట పాసింజరు వైపు. టిక్కెట్టు మేము తీసి ఇస్తామంటే వినక, ఆయనే వరుసలో నిలబడి తీసుకొన్నారు. చీకటి పడకముందు మంచె ఎక్కాలని ఆత్రము.

మా చిన్నవాడు ఆయన సంచి పట్టుకొని, "తాతా, మీ మంచె మీద పడుకొంటానికి నన్ను పిలుస్తావా? దానికెంత?" అని అడిగినాడు.

"ఊరికే రా నాయనా, డబ్బా వాయించేదానికి మనిషి కావల్ల" అన్నారు.

పదిరోజుల తరువాత రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చినది. కోత అయినదట, కుప్ప వేసినారట. ఒంటికొమ్ముది ఒకనాడు వచ్చి పడమటి గట్టున పది సాళ్ళు తొక్కి పోయిందట. తోలినారా అని అడిగినాము. కొంచెము సేపు పలకలేదు. "డబ్బా అయితే చేతికి తీసుకొంటి" అన్నారు. ఇంతలో ఎవరో పిలిచినట్లున్నది, ఫోను పెట్టేసినారు.

నిన్న ఉగాదికని ఆయన పంపిన రాగిపిండి మూట బంగారుపేట స్టేషనులో దించుకొన్నాము. ఆ పిండితో చేసిన రాగి సంకటి ఈ మధ్యాహ్నపు భోజనములో మీకు వడ్డిస్తున్నారు. కార్యదర్శిగారు గడియారము చూస్తున్నారు.